మంచుకొండ మీద బాస్ అరీనా తెల్లకాగితంలా తయారైంది, ఎక్కడ తప్పు?

పానకం_స్టూడియో
ఇద్దరమే చేస్తున్న గేమ్. కోడూ లెవెల్ డిజైనూ నేను, మోడలింగ్ మా తమ్ముడు. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాం, ఫోన్‌కీ పీసీకీ. కథ చిన్నది: కొండదేశపు పిల్ల ఒకతి వాళ్ళమ్మ జబ్బుకి మూలిక వెతుక్కుంటూ హిమవంతం ఎక్కుతుంది, పైన ఒక తెల్ల ఎలుగుబంటి అడ్డం పడుతుంది. అదే మూడో బాస్, అంటే లెవెల్ చివర ఓడించాల్సిన పెద్ద శత్రువు. అడవి లెవెలూ గుహ లెవెలూ బాగానే కుదిరాయి. ఈ మంచు అరీనా (బాస్‌తో పోరాడే చోటు) దగ్గర ఆరు వారాలుగా ఇరుక్కుపోయాం.

మొన్న ఆదివారం ఆరుగురు స్నేహితుల చేత ఆడించాను. ఒకడికి ఎలుగు కనబడలేదు, దానికి వీపు పెట్టి నిలబడి చచ్చాడు. ఇంకొకడు పక్క కొండ ఎక్కేసి పైన తీరిగ్గా కూర్చుని బాణాలు వేశాడు, ఎలుగు కింద గోడకి తల కొట్టుకుంటూ ఉండిపోయింది. మూడోవాడు ఒకే మాట అడిగాడు: "ఇది మంచా, ఇంకా టెక్స్చర్ పెట్టలేదా?" (టెక్స్చర్ అంటే వస్తువు మీద అతికించే బొమ్మ.)

అరీనా 120 మీటర్ల వ్యాసంతో గుండ్రంగా ఉంటుంది. చుట్టూ కొండలు, మధ్యలో గడ్డకట్టిన చెరువు, కొన్ని చెట్లు, పైనుంచి మంచు కురుస్తూ ఉంటుంది. నిజం చెప్పాలంటే నేను మంచు చూసింది ఫ్రీజర్‌లోనే. ఒకసారి లంబసింగి వెళ్ళాను, తెల్లారి గడ్డి మీద పొడిపొడిగా ఏదో ఉంది, ఎనిమిదింటికల్లా పోయింది. బొమ్మా, వీడియో, ట్రైలరూ పెట్టాను. తిట్టినా పర్లేదు, ఎక్కడ తప్పో చెప్పండి.

మిర్చిబజ్జి99
120 మీటర్లా? అది అరీనా కాదు బాబూ, క్రికెట్ గ్రౌండు. ఎలుగుకి ప్యాడ్లు కట్టండి.

పిక్సెల్_పంతులు
బజ్జీ నవ్వులాటకి అన్నా మాట నిజమే. మీ పిల్ల సెకనుకి 5 మీటర్లు పరిగెడుతుందనుకుంటే ఈ చివర నుంచి ఆ చివరికి 24 సెకన్లు. బాస్ ఫైట్ మధ్యలో అంతసేపు ఊరికే పరిగెత్తమంటే ఫోన్‌లో ఆడేవాడు వాట్సాప్ తెరుస్తాడు. 40 మీటర్లకి దించి చూడండి.

దానికంటే ముందు మంచు తీసేయండి. చెట్లు, కురవడం, లైటింగ్ అన్నీ ఆపేసి, బూడిదరంగు డబ్బాలు పేర్చుకుని ఆ ఎలుగుతో కొట్లాడండి. ఎక్కడ దాక్కుంటాం, ఎటు దూకుతాం, కెమెరా ఏ గోడలో దూరుతోంది, అన్నీ అక్కడే తేలిపోతాయి. ఆరు వారాలూ మీరు డెకరేషన్ మీద పెట్టారని నా అనుమానం.

పానకం_స్టూడియో
అనుమానం అక్కర్లేదు సార్. కురిసే మంచుకే రెండు వారాలు పట్టింది.

షేడర్_శీను
మూడు ప్రశ్నలు. మంచు రంగు విలువ ఎంత పెట్టావు? బ్లూమ్ థ్రెషోల్డ్, అంటే వెలుగు ఎంత దాటితే చుట్టూ మెరుపు రావాలనే హద్దు, ఎంత? సూర్యుడు ఎక్కడున్నాడు?

పానకం_స్టూడియో
255, 255, 255, అంటే పూర్తి తెలుపు. బ్లూమ్ ముట్టుకోలేదు, డిఫాల్ట్ 0.9 ఉంది. సూర్యుడు నడినెత్తిన.

షేడర్_శీను
అనుకున్నా. మూడూ తప్పే తమ్ముడూ.

అప్పుడే పడ్డ మంచు కూడా తన మీద పడిన వెలుతురులో 80 నుంచి 90 శాతమే తిరిగి పంపుతుంది. నువ్వు నూటికి నూరు పంపిస్తున్నావు. 230–240 మధ్యకి దించు. పాత మంచుకి ఇంకా దించాలి, అందులో దుమ్మూ ధూళీ చేరుతుంది. ఇక బ్లూమ్ సంగతి. 0.9 దాటిన ప్రతి పిక్సెలూ మెరవాలని చెప్పి, నేలంతా 0.9 దాటించావు. నేల మొత్తం ట్యూబ్‌లైటయి కూర్చుంది. ఎలుగు కనబడకపోవడానికి సగం కారణం అదే. థ్రెషోల్డ్ 1.3 దాకా పెంచు. లేదంటే ఈ లెవెల్లో బ్లూమ్ ఆపేసినా పోయేదేం లేదు, ఫోన్ కూడా చల్లబడుతుంది.

సూర్యుణ్ణి దించు. సాయంత్రం అయిదింటి ఎండలా ఏటవాలుగా పడితే ప్రతి గుంటకీ గట్టుకీ నీడ వస్తుంది. నడినెత్తి ఎండలో మంచు మీద ఎత్తుపల్లాలు తెలియవు. ఆ నీడల్ని నల్లగా వదిలేయకు, నీలం కలుపు. ఎండ తగలని చోట మంచుని వెలిగించేది ఆకాశమే కదా. చుట్టూ పరుచుకునే వెలుతురు, అంటే యాంబియెంట్ లైట్‌ని గ్రేడియెంట్‌లో పెట్టి పైరంగు నీలం ఇచ్చి చూడు.

నార్వే_నరసమ్మ
నీలం నీడ అక్షరాలా నిజం. ఓస్లో దగ్గర తొమ్మిదేళ్ళుగా ఉంటున్నా. మొదటి చలికాలంలో మా బాల్కనీ రెయిలింగ్ నీడ మంచు మీద పడితే ఫోటో తీసి అమ్మకి పంపా. "నీలిమందు ఒలకబోశావా?" అంది.

మబ్బు పట్టిన రోజు మాత్రం ఇవేవీ ఉండవు. నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. అలాంటి రోజు ఒకసారి స్కీల మీద ఆగి నిలబడ్డాననుకున్నా, నిజానికి జారుతూనే ఉన్నానట. కంచెకి గుద్దుకున్నాక తెలిసింది. అందుకే ఇక్కడ కొండదారుల్లో మంచులో కర్రలు గుచ్చుకుంటూ పోతారు. రోడ్ల పక్కన కూడా గుచ్చుతారు, మంచు తీసే బండివాడికి రోడ్డు అంచు తెలియాలి కదా. నీ అరీనాకి అంచు అలా చూపించొచ్చు. కనబడని గోడ మాత్రం పెట్టకు.

గెలిచేదాకా_ఆడతా
కనబడని గోడ పెడితే ఒక్క స్టారే ఇస్తా. ముందే చెప్తున్నా.

హవల్దార్_రావు
నేను గేములు ఆడను. మా మనవడు ఈ పేజీ చూపించి "తాతా, నువ్వు మంచులో ఉన్నావుగా, చెప్పు" అన్నాడు. మాది శ్రీకాకుళం జిల్లా. లద్దాఖ్ కొండల్లో ఉన్న ద్రాస్‌లో రెండు చలికాలాలు డ్యూటీ చేశాను.

మీరంతా తెలుపు తెలుపు అంటున్నారు. నాకు గుర్తున్నది నలుపు. కిరోసిన్‌తో మండే బుఖారీ పొయ్యి పక్కన పడుకుని పొద్దున్నే ముక్కు చీదితే జేబురుమాలు నిండా మసి. గుడారాల మధ్య మేం నడిచిన దారంతా మట్టి కలిసి టీ రంగులో ఉండేది. రాళ్ళకి గాలి కొట్టే వైపు మంచు నిలవదు, నల్లగా ఉంటుంది. చాటు వైపు పేరుకుంటుంది. పెద్ద బండ అయితే గాలి దాని చుట్టూ సుడి తిరిగి, మనిషి దిగేంత గుంట తవ్వేస్తుంది. ఆ గుంటలో కూర్చుని బిస్కెట్లు తినేవాళ్ళం, అక్కడ గాలి తగలదు.

శిఖరం అంచున మంచు ఇంటి చూరులా బయటికి పెరుగుతుంది, చాటు వైపుకి. దాని మీద నిలబడినవాడికి కింద కొండ లేదని తెలియదు. మాకు మొదటి వారంలోనే చెప్పారు, అంచు కనబడితే దానికి చాలా ఇవతలే ఆగమని.

మీ బొమ్మలో అమ్మాయి వట్టి చేతులతో కత్తి పట్టుకుంది. ఆ చలిలో ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. ఆ చెట్లేమిటి? ఆ కొండల్లో సుమారు 3,500 మీటర్లు దాటాక చెట్లుండవు.

పానకం_స్టూడియో
రావుగారూ, మీ పోస్టు తమ్ముడికి చదివి వినిపించాను. రాళ్ళన్నీ మళ్ళీ మొదలుపెట్టాడు. కత్తి పట్టే చేతికి తొడుగులు వేయిస్తాను. చెట్లు దేవదారులు, మా కథ ప్రకారం 4,500 మీటర్ల చోట. తీసేస్తున్నా.

మిర్చిబజ్జి99
ఎలుగు మాట్లాడొచ్చు, చెట్టు మాత్రం మొలవకూడదు. ఫాంటసీ అంటే ఇదేనా అధ్యక్షా?

పిక్సెల్_పంతులు
మొలవొచ్చు. కానీ చెట్టు లేకపోతే "చాలా పైకొచ్చేశాం" అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కింద దేవదారు, తర్వాత వంగిపోయిన భూర్జ చెట్లు, ఆపైన రాయీ మంచూ. ఆ చివరి భూర్జ చెట్టు దగ్గర సేవ్ పాయింట్ పెట్టండి. పూర్వం ఆ బెరడు మీదే రాసేవాళ్ళు, కాబట్టి మీ కథ చీటీలు దానికే వేలాడదీయొచ్చు.

షేడర్_శీను
రావుగారు చెప్పిన గాలి చాటు, రంగూ వెలుతురూ లెక్కగట్టే షేడర్‌లో చాలా చవక. మామూలుగా రాయి ముఖం ఆకాశం వైపు ఎంత తిరిగి ఉందో కొలిచి, ఒక హద్దు దాటితే తెలుపు పూస్తారు. అందుకే గేముల్లో రాళ్ళన్నీ ఐసింగ్ వేసిన కేకుల్లా ఉంటాయి. నిట్టనిలువు దిక్కుకి బదులు, గాలి పోయే వైపుకి కాస్త వంచిన దిక్కు ఇవ్వు. మారేది ఒక్క వెక్టర్. అన్ని రాళ్ళకీ ఒకే వైపు మంచు, రెండో వైపు నల్లరాయి. ఆటగాడికి దిక్సూచి కూడా దొరికినట్టే. నల్లవైపు కనబడుతోందంటే గాలి వీపు మీద కొడుతోందన్నమాట.

పానకం_స్టూడియో
పంతులుగారు చెప్పినట్టు డబ్బాలతో ఆడి చూశాను. సిగ్గుగా ఉంది గానీ, మంచు లేకుండానే ఫైట్ బోరు కొట్టింది. చుట్టూ గోడ పెడితే గిన్నెలో పడ్డ చీమలా ఉంది. ఎటు తిరిగినా ఒకేలా ఉంటోంది, ఎటునుంచి వచ్చానో నాకే తెలియడం లేదు. గోడ తీసేస్తే లోయలో పడి చస్తున్నారు.

పిక్సెల్_పంతులు
గిన్నె వద్దు, చేట పెట్టండి. నిజం కొండల్లో ఉండేదే. హిమానీనదం పుట్టే చోట మంచు ఏళ్ళ తరబడి కొండని తొలిచి చేట చేస్తుంది. వెనక నిటారు గోడ, రెండు పక్కలా గట్లు, ముందువైపు తెరుచుకున్న అంచు. భూగోళం పుస్తకాల్లో సర్క్ అంటారు. మంచు వెనక్కి తగ్గాక ఆ పల్లంలో నీళ్ళు నిలిచి చెరువవుతుంది, అంటే మీ గడ్డకట్టిన చెరువు ఉండాల్సిన చోటే ఉన్నట్టు. ఉత్తరాఖండ్‌లో రూప్‌కుండ్ అలాంటిదే, దాదాపు 5,000 మీటర్ల ఎత్తులో. 1942లో అటవీ ఉద్యోగి ఒకరు అక్కడికి వెళ్తే చెరువు చుట్టూ వందలమంది ఎముకలు కనబడ్డాయి. 2019లో వచ్చిన డీఎన్‌ఏ పరిశోధనలో వాళ్ళలో కొందరు తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్ళని తేలింది. అంత దూరం నుంచి ఆ చెరువు దాకా ఎందుకొచ్చి ఉంటారో మీ కథలో మీరే చెప్పుకోండి.

చేటతో లాభం చెప్తాను. ఆటగాడు తెరుచుకున్న అంచు నుంచి లోపలికొస్తాడు. ఎదురుగా నల్లటి గోడ, మంచు నిలవనంత నిటారుగా. వెనక ఖాళీ ఆకాశం. ఇక ఎటు తిరిగినా దిక్కు తప్పడు. రావుగారి చూరు మంచు గట్ల మీద పెట్టండి. అంచు దగ్గర నరసమ్మగారి కర్రలు గుచ్చి, రెండు మూడు విరిగి ఉంచండి. అక్కడికి ఎవడో వెళ్ళి పడిపోయాడని అర్థమవుతుంది.

ఓరుగల్లు_పోరడు
అన్నా, అసలు తెల్ల ఎలుగు హిమాలయాల్ల యాడుంది? అది ఉత్తర ధ్రువం కాడుంటది. హిమాలయాల్ల ఉండేది నల్ల ఎలుగు, గోధుమరంగు ఎలుగు. నల్లదాని ఛాతీ మీద నెలవంక లెక్క తెల్లమచ్చ ఉంటది. అదే పెట్టు. మంచు మీద నల్లగ కొట్టొచ్చినట్టు కనబడ్తది. ఎలుగు రెండు కాళ్ల మీద లేస్తేనే మచ్చ కనబడ్తది, అప్పుడే బాణం తగలాలె. వేరే గుర్తులు, ఎర్ర బాణాలు ఏం అక్కర్లే.

పానకం_స్టూడియో
పోరడూ, ఈ ముక్క ఆరు వారాల క్రితం చెప్పి ఉంటే! తెల్లబొచ్చు మీద మా తమ్ముడు నెల రోజులు కూర్చున్నాడు. వాడికి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు.

మిర్చిబజ్జి99
నెల ఎందుకు తమ్ముడూ, జాంబవంతుణ్ణి ఎప్పుడైనా తెల్లగా చూశావా? కృష్ణుడితో 28 రోజులు కొట్లాడాడు ఆయన. మీ ఫైట్ ఎంతసేపు?

పానకం_స్టూడియో
నాలుగు నిమిషాలు.

మిర్చిబజ్జి99
ఎలుగుజాతికే అవమానం.

సూర్మా_టెక్
మంచు గేమ్ అంటే అడుగుజాడలు పడాలి. అది లేకపోతే తెల్ల సిమెంటు మీద నడిచినట్టుంటుంది. ఆటగాడి వెంట తిరిగే రెండర్ టెక్స్చర్ (ఆట నడుస్తుండగానే గీసుకునే బొమ్మ) ఒకటి పెట్టి, అందులో అడుగులు గీసి, దాంతో నేల నొక్కండి. 512 సైజు చాలు.

షేడర్_శీను
పీసీలో చెయ్యి, ఫోన్‌లో వద్దు. నేల నిజంగా కుంగాలంటే మెష్ (నేలని కట్టే త్రికోణాల వల) దట్టంగా ఉండాలి. చవక ఫోన్‌లో 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) రావాలంటే ఫ్రేముకి ఉన్నదే 33 మిల్లీసెకన్లు. అడుగుకో డెకాల్ (నేల మీద అతికించే బొమ్మ) వేసి, నలభై దాటితే పాతవి తీసెయ్. మనిషి ఎత్తు కెమెరాలోంచి చూసేవాడు తేడా పట్టలేడు.

సూర్మా_టెక్
పడతాడు. నేను పట్టాను. కుంగిన అంచుకి ఏటవాలు ఎండ తగిలితే వచ్చే ఆ సన్నటి నీడ డెకాల్‌తో రాదు.

షేడర్_శీను
నువ్వు స్క్రీన్‌షాట్ జూమ్ చేసి చూస్తావు. మామూలు మనిషి ఎలుగుని చూస్తాడు.

నార్వే_నరసమ్మ
మీరిద్దరూ కొట్టుకుంటుంటే నాదొక మాట. గాలికి గట్టిపడిన మంచు మీద అసలు జాడే పడదు, పైపెంకు మీద టకటక నడిచిపోవచ్చు. చాటున ఉన్న మెత్తటి మంచులో మోకాలి దాకా దిగిపోతాం. అన్ని చోట్లా జాడ ఎందుకు? చాటు వైపు మాత్రమే పెట్టుకో, అక్కడ నడక నెమ్మదవ్వాలి కూడా. గాలి కొట్టే వైపు వేగంగా పరిగెత్తొచ్చు.

పిక్సెల్_పంతులు
అక్కా, మీరు తెలియకుండానే లెవెల్ డిజైన్ చేసేశారు. వేగంగా నడవాలంటే గాలిలోకి పోవాలి, దాక్కోవాలంటే మెత్తమంచులో కూరుకోవాలి. డబ్బాలతో ఉన్న బోరు దీంతోనే పోవచ్చు.

గెలిచేదాకా_ఆడతా
చెరువు మీద జారడం గురించి ఎవరూ అడగలేదేం? మంచు లెవెల్ అనగానే నాకు టెన్షన్. నేను కుడికి నొక్కితే పాత్ర ఎడమకి పోతుంది. కంట్రోలర్ విసిరికొట్టిన గేములన్నీ ఐస్ లెవెల్సే.

పానకం_స్టూడియో
చెరువంతా జారుతుంది. ఆరుగురిలో నలుగురు దీన్నే తిట్టారు.

పిక్సెల్_పంతులు
నాకూ ఒకసారి ఇదే అయింది. పాత ఉద్యోగంలో ఒక రన్నర్ గేముకి ఐస్ నేల పెట్టి ఫ్రిక్షన్ సున్నా చేశాను, ఆడినవాళ్ళంతా అక్కడే మానేశారు. తర్వాత తెలిసింది, జారడం అంటే బటన్ మాట వినకపోవడం కాదు. కదలమన్న వెంటనే కదలాలి, ఆగడమే ఆలస్యమవ్వాలి. మలుపు కొంచెం వెడల్పవ్వాలి. అంతే.

ఇంకో మెట్టు ఎక్కండి. ఆటగాడి కంటే ఎలుగు ఎక్కువ జారాలి. అది దూసుకొచ్చేటప్పుడు మీరు పక్కకి తప్పుకుంటే చెరువు మీద ఆగలేక పోయి బండని గుద్దుకోవాలి, తల దిమ్మెక్కి రెండు కాళ్ళ మీద లేవాలి. పోరడు చెప్పిన నెలవంక మచ్చ అప్పుడు కనబడుతుంది. చెరువంటే భయపడిన ఆటగాడే తర్వాత ఎలుగుని చెరువు మీదకి రప్పించుకుంటాడు.

మిర్చిబజ్జి99
కాళ్ళకి పసరు రాసుకుని హిమాలయాలకి ఎగిరిపోయి, మంచుకి పసరు కరిగిపోయి ఇరుక్కుపోయిన ప్రవరుడు మనవాడే కదా. ఒక పసరు గిన్నె పెట్టండి. రాసుకుంటే వేగం పెరగాలి, మెత్తమంచులో అడుగుపెడితే కరిగిపోవాలి. వరూధినిని విడిగా డబ్బిచ్చి కొనుక్కునే డీఎల్‌సీగా అమ్ముకోండి.

పానకం_స్టూడియో
నవ్వాగడం లేదు. కానీ పసరు పెట్టేస్తున్నా, నిజంగానే.

గెలిచేదాకా_ఆడతా
మరి కొండెక్కి బాణాలు వేసినవాడి సంగతి?

పానకం_స్టూడియో
అవును, అది మిగిలింది. గట్ల వాలు 40 డిగ్రీలు. యూనిటీ క్యారెక్టర్ కంట్రోలర్ స్లోప్ లిమిట్ (పాత్ర ఎక్కగల వాలు హద్దు) 45 డిఫాల్ట్, అందుకే ఎక్కేస్తున్నారు. 30కి దించితే మిగతా లెవెల్స్‌లో మామూలు గట్లు కూడా ఎక్కలేకపోతున్నారు.

హవల్దార్_రావు
40 డిగ్రీల వాలులో మంచు మీద మనిషి నడిచాడా? మా దగ్గరైతే వాణ్ణి తిట్టి కిందికి దించేవాళ్ళం. మంచు చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. అంతకంటే నిటారుగా ఉంటే మంచు నిలవదు, పడ్డది పడ్డట్టే జారిపోతుంది. వాలు తక్కువైతే కదలదు. మధ్యలోదే యముడు.

చరియ దానంతటదే వచ్చి మీద పడుతుందనుకుంటారు. చాలాసార్లు అందులో చిక్కుకున్నవాడి బరువుకో, వాడి తోటివాడి బరువుకో అది కదులుతుంది. పై పొర గట్టిగా, కింద పొర ఉప్పురవ్వలా వదులుగా ఉంటుంది. కాలు పెట్టగానే లోపల "వుంఫ్" అని ఒక చప్పుడు వస్తుంది, పరుపు మీద కూర్చుంటే గాలి పోయినట్టు. నేను ఒక్కసారే విన్నాను. మా ముందువాడు చెయ్యెత్తి ఆపాడు. కొండేమీ కదల్లేదు. ఎక్కిన అడుగుల్లోనే ఒక్కొక్కరం వెనక్కి దిగొచ్చాం, ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి వంటవాడు ఉప్పు ఎక్కువేస్తే కూడా ఎవరూ ఏమీ అనలేదు.

పిక్సెల్_పంతులు
పానకంగారూ, లిమిట్ ముట్టుకోకండి. ఎక్కనివ్వండి.

గట్టు మీద 30 దాటిన చోటల్లా ట్రిగ్గర్ పెట్టండి. మొదటిసారి కాలు పెడితే ఆ "వుంఫ్". మంచులో ఒక గీత పగులుతూ పక్కకి పోతుంది. రెండు సెకన్లు టైమివ్వండి. దిగినవాడు బతుకుతాడు. అక్కడే నిలబడి బాణం ఎక్కుపెట్టినవాడు చరియతో పాటు కిందికొస్తాడు. నియమం ఎక్కడా రాయక్కర్లేదు. వెనక గోడ మాత్రం 60 డిగ్రీలు చేయండి, అది వట్టి రాయి.

గెలిచేదాకా_ఆడతా
ఇది న్యాయంగా ఉంది. చచ్చినా నా తప్పే అనుకుంటా.

ధ్వని_లత
ఆ "వుంఫ్" నేను చేసిస్తాను, ఊరికే. నాకు రావుగారి పరుపు పోలిక చాలు.

మీ వీడియో విన్నాను. గుహ లెవెల్లో వాడిన రివెర్బే (గోడలకి తగిలి వచ్చే ప్రతిధ్వని) ఇక్కడా ఉంచేశారు, అమ్మాయి అరిస్తే బాత్రూంలో అరిచినట్టుంది. కొత్త మంచు నిండా గాలి ఖాళీలే కాబట్టి శబ్దాన్ని మింగేస్తుంది. మెత్తమంచు వైపు రివెర్బ్ దాదాపు తీసేసి పైస్వరాలు తగ్గించండి. నల్లగోడ దగ్గరికి వెళ్తే మాత్రం ప్రతిధ్వని రావాలి. కళ్ళు మూసుకుని ఆడినా ఎక్కడున్నామో తెలియాలి.

అడుగుల చప్పుడుకి లైబ్రరీలు కొనకండి. కార్న్‌ఫ్లోర్ అరకిలో తోలు సంచిలో పోసి పిసికితే చాలు, సౌండ్ వాళ్ళంతా చేసే పనే. నా దగ్గర తోలు సంచి లేక మా నాన్న పాత పర్సులో పోశాను. ఇప్పటికీ ఆయన పదిరూపాయల నోటు తీస్తే తెల్లపొడి రాలుతుంది.

నార్వే_నరసమ్మ
లతా, చలి బాగా ముదిరితే, మైనస్ పది దాటాక, బూటు కింద కీచుమంటుంది. థర్మాకోల్ రాసుకున్నట్టు. ఆ ముందు మెత్తగా కరకరమంటుంది. పైకెక్కే కొద్దీ కరకర నుంచి కీచుకి మార్చు.

ధ్వని_లత
థర్మాకోల్! రేపే కొత్త ఫ్రిజ్ వస్తోంది. పెట్టె పారేయనివ్వను.

చెదపురుగు
ఒక భాషా గొడవ. మీ ట్రైలర్లో "మంచు తగిలితే ప్రాణం తగ్గును" అని ఉంది. ఏ మంచు? మనకి గడ్డి మీది నీటిబొట్టూ మంచే, రోడ్డు మీద కనబడకుండా చేసేదీ మంచే, కొండ మీదదీ మంచే, గ్లాసులో వేసుకునేదీ మంచే. మీ గేములో పొగమంచు ఉంది, చెరువు మీద గడ్డ ఉంది, పైనుంచి కురుస్తోంది. ఆటగాడు దేనికి భయపడాలి?

పానకం_స్టూడియో
చలికి ప్రాణం తగ్గుతుంది. తడిస్తే ఇంకా. ఏ పదం పెట్టమంటారు?

ఓరుగల్లు_పోరడు
"ఇగం" పెట్టు అన్నా. మా అమ్మమ్మ సంక్రాంతి చలికి చేతులు ఇగం పట్టినయ్ అంటది. బార్ నిండితే "ఇగం పట్టింది" అని రావాలె. రెండే మాటలు.

చెదపురుగు
నిఘంటువులో కూడా ఉంది, ఇగము. దీనికి నా ఓటు.

మిర్చిబజ్జి99
చెదపురుగుగారు ఒకరితో ఏకీభవించారు. ఈ పేజీ ఫ్రేం కట్టించండి.

పానకం_స్టూడియో
మూడు వారాలు కనబడకపోయినందుకు ఏమీ అనుకోకండి. కొత్త బిల్డ్ అయింది.

40 మీటర్ల చేట. ఎండ 15 డిగ్రీల ఎత్తులో. నేల రంగు 235, నీడలు నీలం, బ్లూమ్ ఆపేశాం. నల్ల ఎలుగు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు ఎలుగు మూతి చుట్టూ ఊపిరి ఆవిరి పెట్టి తీసుకొచ్చాడు. కురిసే మంచు 20,000 రేణువులు ఉండేవి. ఇప్పుడు కెమెరా చుట్టూ 300, మిగతాది స్థూపాకారం మీద కదిలే టెక్స్చర్. నా పాత ఫోన్‌లో 17 ఎఫ్‌పీఎస్ వచ్చేది 31కి చేరింది. అడుగుజాడలు ఫోన్‌లో డెకాల్, పీసీలో సూర్మాగారి పద్ధతి. ఇద్దరూ శాంతించండి.

మొన్న అదే ఆరుగురికి ఇచ్చాను. కొండెక్కి బాణాలు వేసినవాడు మళ్ళీ అదే చోటికి వెళ్ళాడు. "వుంఫ్" వినగానే "ఏంట్రా అది?" అని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ రెండు సెకన్లూ అలాగే అయిపోయాయి.

ఇక సమస్య. ట్రిగ్గర్‌లో "ఎవరు కాలు పెడితే" అని అడగడం మర్చిపోయాను. ఒకడు గట్టు మొదట్లో నిలబడి ఎలుగుని రెచ్చగొట్టాడు. అది పైకి దూకింది, వుంఫ్ మంది, చరియ మొత్తం దాని మీదే పడింది. నలభై సెకన్లలో బాస్ చచ్చిపోయింది. సరిచేయబోతుంటే ఆరుగురూ ఒప్పుకోవడం లేదు.

గెలిచేదాకా_ఆడతా
ముట్టుకుంటే ఒక్క స్టార్.

పిక్సెల్_పంతులు
తీసేయకండి. సగం ప్రాణం పోయేలా చేయండి. ఒక్కసారే పనిచేయాలి, ఆ వాలు మీద మంచు అయిపోయింది కదా.

షేడర్_శీను
చరియ పడ్డాక ఆ గట్టు నల్లరాయిగా మిగలాలి. ఎక్కడ మంచు, ఎక్కడ రాయి అని చెప్పే మాస్క్ నేను రాసిస్తా.

హవల్దార్_రావు
ఎలుగులకి ఆ వాలు సంగతి మనకంటే బాగా తెలుసు బాబూ. అది అక్కడికి రాదు. అయినా మీ ఇష్టం. మా మనవడి ఫోన్‌లో ఎక్కుతుందా? 3 జీబీ రామ్ అంటున్నాడు.

పానకం_స్టూడియో
ఎక్కుతుంది రావుగారూ. ఏపీకే మీకు విడిగా పంపిస్తాను. కొంచెం వేడెక్కుతుంది, చార్జింగ్ పెట్టి ఆడొద్దనండి.

మిర్చిబజ్జి99
మంచు గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కుద్దంట. బుఖారీ ఖర్చు మిగిలింది.